ఒంటి సబ్బుతో గడ్డం గీసుకోవలసి వస్తే పాటించవలసిన జాగ్రత్తలు

ప్రయాణంలో షేవింగ్ క్రీమ్ మరిచిపోయినప్పుడో, ఇంట్లో ఉన్న ట్యూబు సరిగ్గా ఆ ఉదయమే అయిపోయినప్పుడో చేయి తనంతట తానే స్నానాల గదిలోని ఒంటి సబ్బు మీదికి పోతుంది. ఒకటి రెండు సార్లు దానితో పని గడుపుకోవడంలో తప్పు లేదు. అయితే షేవింగ్ సబ్బుతో ఎలా గీసుకుంటామో దీనితోనూ అలాగే గీసుకుంటే మెడ మీద మంట, దవడ అంచున గాట్లు, ఆ తర్వాత ఎర్రటి పొక్కులు వచ్చే అవకాశం ఎక్కువ. రెండు నురగలూ చూడటానికి ఒకేలా తెల్లగా ఉండటమే ఈ పొరపాటుకు మూలం.

గడ్డానికి నురగ పట్టించేది శుభ్రత కోసం మాత్రమే కాదు. వెంట్రుకల దగ్గర నీటిని పట్టి ఉంచడం, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలవడం దాని అసలు పనులు. గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నంతసేపు బిరుసుగా ఉంటుంది. నీరు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు చాలా తక్కువ బలంతోనే తెగుతుంది. షేవింగ్ సబ్బులో సన్నని బుడగలను చాలాసేపు నిలబెట్టే స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వాటా ఎక్కువగా ఉంటుంది, సోడియం సబ్బుతో పాటు నీటిలో తేలిగ్గా కరిగే పొటాషియం సబ్బు కూడా ఉంటుంది, తేమను పోనివ్వని గ్లిజరిన్ సాధారణంగా తోడవుతుంది. ఒంటి సబ్బు ప్రధానంగా సోడియం సబ్బు. అందులో కొబ్బరి నూనె వంటి వాటి నుంచి వచ్చే లారిక్ ఆమ్లం వల్ల నురగ చిటికెలో పొంగుతుంది, పొంగినంత త్వరగానూ విరిగిపోతుంది.

ఈ తేడాను అద్దంలో కళ్లారా చూడవచ్చు. ఒక చెంపకు ఒంటి సబ్బు నురగ దట్టంగా పట్టించి, బ్లేడు పెట్టకుండా ఊరికే చూస్తూ ఉండండి. కాసేపటికే పెద్ద బుడగలు ఒక్కొక్కటిగా చిట్లి, మధ్యమధ్య చర్మం కనిపించడం మొదలవుతుంది. చెవి పక్కన, దవడ అంచున నురగ ముందుగా ఎండి పలచని తెల్లటి పొరలా బిగుసుకుంటుంది. నోరు తెరిస్తే అక్కడ చర్మం లాగినట్టు తెలుస్తుంది. ఆ బిగువు తెలిసిందంటే ఆ చోట బ్లేడు జారడానికి ఇక ఏమీ మిగల్లేదని అర్థం. నేను ఒకసారి పరాయి ఊళ్లో ఇలాగే ముఖమంతా ఒకేసారి నురగ పట్టించి, కుడి చెంప హాయిగా గీసుకున్నాను. ఎడమ దవడ కిందికి వచ్చేసరికి బ్లేడు జారకుండా పట్టి పట్టి లాగుతున్నట్టు తెలుస్తూనే ఉన్నా, పని అయిపోవస్తోంది కదా అని ఆపలేదు. సాయంత్రానికి చొక్కా కాలరు తగిలిన చోటల్లా చురుక్కుమంది. ఆ ఎరుపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పుడు చెడ్డది సబ్బు కాదు, ఎండిపోయిన నురగ మీద నేను చూపిన తొందర.

సబ్బు ఎంపికలో కొంత వెసులుబాటు ఉంటే గ్లిజరిన్ ఎక్కువగా ఉండే పారదర్శక సబ్బును గానీ, పసిపిల్లల కోసం చేసిన ఘాటు లేని సబ్బును గానీ తీసుకోవడం మేలు. ఘాటైన సువాసన, మెంథాల్ చల్లదనం ఉన్నవి బ్లేడు తగిలిన చర్మం మీద మంటపెడతాయి. నలుగులా గరుకు పలుకులు కలిపిన సబ్బులు, మొటిమల కోసం గంధకం, సాలిసిలిక్ ఆమ్లం చేర్చిన సబ్బులు ఈ పనికి తగవు. బట్టల సబ్బును, గిన్నెల సబ్బును ఎంత అవసరం వచ్చినా ముఖానికి తగలనివ్వకండి. క్రిమినాశక సబ్బు అయితే గాటు పడినా ఇబ్బంది ఉండదన్న నమ్మకం కూడా సరైనది కాదు. మామూలు సబ్బు, నీళ్లకన్నా అవి మెరుగని తయారీదారులు రుజువు చూపలేకపోవడంతో, ట్రైక్లోసాన్‌తో సహా 19 క్రిమినాశక పదార్థాల్లో ఏదైనా కలిసిన అటువంటి సబ్బుల అమ్మకాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో నిలిపివేయాలని నిర్ణయించింది. ఇంటిల్లిపాదీ వాడుతూ తడి పెట్టెలో నానుతున్న సబ్బు తప్ప వేరేది లేకపోతే, ముందు పైపొరను ధారగా పడే నీటి కింద బాగా రుద్ది కడిగేయండి.

నీటి సంగతి చాలామంది పట్టించుకోరు గానీ, నా ఉద్దేశంలో సబ్బు ఎంపికకన్నా ఇదే ముఖ్యం. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న కఠిన జలంలో సబ్బు ఆ లవణాలతో కలిసి కరగని తెట్టుగా మారుతుంది. నురగ సరిగా పుట్టదు. పుట్టిన తెట్టు చర్మానికి అంటుకుంటుంది, రెండు మూడు బ్లేడ్లున్న రేజరైతే సందుల్లో వెంట్రుక ముక్కలతో కలిసి పేరుకుంటుంది. మీ నీళ్లు అలాంటివైతే, శుద్ధి చేసిన తాగునీరు ఒక గ్లాసెడు గోరువెచ్చగా చేసుకుని నురగకు దాన్నే వాడండి.

ఇక గీసుకునే ముందు ముఖం మీద నీటిని పనిచేయనివ్వాలి. స్నానం ముగిసిన వెంటనే గీసుకోవడం అన్నిటికన్నా మంచిది. వీలుకాకపోతే గోరువెచ్చని నీటిలో ముంచిన తువ్వాలును రెండు మూడు నిమిషాలు గడ్డానికి అద్ది ఉంచాలి. తర్వాత ఒకసారి సబ్బుతో ముఖం కడిగి జిడ్డు పోగొట్టి, తుడుచుకోకుండా, ఆ తడి మీదే రెండోసారి నురగ పట్టించాలి. సబ్బు బిళ్లను నేరుగా గడ్డం మీద రుద్దవద్దు. దానివల్ల చర్మం ఒరుసుకుంటుంది, నురగా పలచగానే వస్తుంది. బ్రష్షు ఉంటే దానితో, లేకపోతే అరచేతుల మధ్య, కొద్దికొద్దిగా నీరు చేరుస్తూ బుడగలు కంటికి కనిపించనంత సన్నబడేదాకా చిలికి అప్పుడు పట్టించాలి.

ముఖమంతా ఒకేసారి కాకుండా ఒక చెంప, తర్వాత రెండో చెంప, ఆపైన మెడ, చివరగా గడ్డం కింది భాగం, మీసం అన్న వరసలో, గీయబోయే చోటికి అప్పటికప్పుడు తాజా నురగ పట్టించడం ఈ సబ్బుతో తప్పనిసరి. మీసం, గడ్డం దగ్గరి వెంట్రుకలు బిరుసైనవి కాబట్టి వాటిని చివరికి ఉంచితే అవి ఇంకాస్త నానుతాయి. బ్లేడు కొత్తదై ఉండాలి. వెంట్రుక ఉక్కుకన్నా సుమారు 50 రెట్లు మెత్తనిదైనా బ్లేడు అంచును పెచ్చులూడగొట్టగలదని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో చూపించారు. అలా అరిగి పెచ్చులూడిన బ్లేడును మంచి షేవింగ్ క్రీమ్ కొంతవరకు కాపాడుతుందేమో గానీ ఒంటి సబ్బు కాపాడలేదు. రేజరును నొక్కకుండా, దాని బరువుతోనే, వెంట్రుక వాలు వెంట చిన్న చిన్న గీతలుగా లాగి, ప్రతి రెండు మూడు గీతలకు నీటిలో జాడించాలి. ఎదురు గీత ఈసారికి మానుకోండి. నున్నగా రాలేదని నురగ లేని చోట మళ్లీ ఒక్కసారి గీయడమే సగం గాట్లకు కారణం.

సబ్బు స్వభావరీత్యా క్షారం. దాని పీహెచ్ సాధారణంగా 9 నుంచి 10 వరకు ఉంటుంది, చర్మపు పైపొర మాత్రం 5 దరిదాపుల్లో కొంచెం ఆమ్లంగా ఉంటుంది. ఈ విషయంలో షేవింగ్ సబ్బూ తక్కువది కాదు, కానీ ఒంటి సబ్బుతో చర్మం ఎక్కువగా గీరుకుంటుంది కనుక చెవి వెనకా మెడ మడతల్లో మిగిలిపోయిన సబ్బు ఎక్కువ మంట పెడుతుంది. కాబట్టి చల్లని నీటితో, వేళ్లకు జారుడు తగలనంతవరకు కడగాలి. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే సువాసన లేని మాయిశ్చరైజరు రాయాలి. స్పిరిటు కలిసిన లోషన్ ఆ రోజుకు వద్దు. చిన్న గాటు పడితే శుభ్రమైన గుడ్డతో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. తడిపిన పటిక కూడా రక్తాన్ని ఆపుతుంది గానీ ఆ ముక్కను, రేజరును ఇంకొకరితో పంచుకోవద్దు, ఎందుకంటే హెపటైటిస్ బి, సి వైరస్‌లు రక్తం ద్వారా వ్యాపిస్తాయి.

దగ్గర జుట్టుకు రాసే కండిషనర్ ఉంటే ఒంటి సబ్బుకన్నా అదే నయం. నురగ రాకపోయినా తడిని నిలుపుతుంది, బ్లేడును జారనిస్తుంది. ముఖం మీద చీముపొక్కులు, గజ్జి వంటి వ్యాధి, ఎండకు కమిలిన చర్మం ఉన్నవారు, మొటిమలకు రెటినాయిడ్ మందులు వాడుతున్నవారు, రక్తం పలచబడే మందులు వేసుకునేవారు ఈ ప్రయోగానికి దిగకుండా ట్రిమ్మరుతో కత్తిరించుకోవడమో, ఆ రోజుకు మానుకోవడమో మంచిది. ఉంగరాల వెంట్రుకలున్నవారికి తెగిన కొస మళ్లీ చర్మంలోకి తిరిగి గడ్డలు కట్టే అలవాటు ఉంటుంది గనుక వారు మరీ నున్నగా గీయకూడదు. గీసుకున్న తర్వాత ఎరుపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకుండా పొక్కుల్లో చీము చేరినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా వాటిని గిల్లకుండా, మళ్లీ బ్లేడు తగలనివ్వకుండా చర్మవైద్యులకు చూపించాలి.