హోటల్ సిబ్బంది తృప్తిని వ్యాపార లెక్కల్లో గుర్తించడం ఎలా?

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో హోటల్ నడిపేవారు నెలాఖరున అమ్మకాలు, సరుకుల ఖర్చు, కరెంటు బిల్లు శ్రద్ధగా సరిచూసుకుంటారు. పాత వంట మాస్టర్ మానేసినందువల్ల చేపల పులుసు రుచి మారి, రోజూ వచ్చేవారు దూరమైన నష్టం మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు. పనివారు తృప్తిగా ఉంటే నిలకడగా ఉంటారు, వారి నిలకడ వల్ల సేవ మెరుగుపడుతుంది, మంచి సేవ అందుకున్న అతిథి మళ్లీ వస్తాడు, లాభం ఆ తర్వాతే వస్తుంది. ఈ వరుసను హార్వర్డ్ ప్రొఫెసర్ జేమ్స్ హెస్కెట్, ఆయన సహచరులు 1994లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించారు.

మొదట ఒక పుస్తకం పెట్టి, ఆ నెలలో మానేసినవారి సంఖ్య, వెనక్కి వచ్చిన వంటకాలు, గదుల మీద ఫిర్యాదులు, మళ్లీ వచ్చిన అతిథుల సంఖ్య ఒకే పేజీలో రాయండి. రొట్టెల పండుగ రోజుల్లో నెల్లూరులో రద్దీ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, ఆ అమ్మకాలను మామూలు రోజులతో కాకుండా గత పండుగతోనే పోల్చాలి.

తర్వాత పనివారినే అడగండి. సూపర్‌వైజర్ ఎదుట ఎవరూ నిజం చెప్పరు. మానేసినవారిని, జీతం బాకీ పూర్తిగా తీర్చిన కొన్నాళ్లకు అడిగితే అసలు కారణం తెలుస్తుంది. నా దృష్టిలో ఇంతకంటే విలువైన సమాచారం మరొకటి లేదు.

జీతం, వసతి, పనివేళలు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుందని, అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదని, దానికి గుర్తింపు, బాధ్యత కావాలని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ చెప్పారు. కాబట్టి ముందు ఒకే తేదీన జీతం, వారానికో సెలవు, పండుగ రద్దీలో చేసిన అదనపు డ్యూటీకి ముందే చెప్పిన రేటు ఖాయం చేయండి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసేచోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఇది దయతో ఇచ్చేది కాదు, వారి హక్కు.

ఆ పునాది పడ్డాక, అతిథికి నచ్చని వంటకాన్ని మేనేజర్‌ను అడగకుండానే మార్చి ఇచ్చే అధికారం సర్వర్‌కు ఇవ్వండి. కొన్ని నెలల తర్వాత పుస్తకంలో ఫిర్యాదుల వరుస తగ్గలేదంటే, ఆ అధికారం మాటల్లోనే ఉండిపోయిందా అని ముందుగా సర్వర్లనే అడిగి తెలుసుకోవాలి.