బేగంబజార్ షాపులో కొత్తగా చేరినవాళ్ల ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

బీకాం చదివి, టాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, నరసరావుపేట నుంచి వచ్చి హైదరాబాద్ బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ పనికి చేరాను. మొదటి మూడు నెలలూ ఇక్కడ పద్ధతీ పాడూ ఏమీ లేదనే అనుకున్నాను. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలు అచ్చం నాలాగే టెన్షన్ పడుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

సమస్య: అందరూ "నువ్వు" అంటున్నారు, మర్యాద లేదు

కారణం: ఇక్కడి మాటలో "నువ్వు" చనువు. వయసులో పెద్దాయనతో కూడా "అన్నా, నువ్వు చెప్పు" అంటారు. మా షాపు యజమాని, మార్వాడీ సేట్, తెలుగు నేర్చుకున్నది హమాలీల దగ్గర, గిరాకీల (కొనేవాళ్ల) దగ్గర. ఆయనా అలాగే అంటాడు.

పరిష్కారం: మీరు "మీరు" అనడం మానక్కర్లేదు, వాళ్లు అనలేదని ముఖం ముడుచుకోకండి. నాకు జ్వరం వచ్చిన రోజు "తిన్నవా, గోలీ వేసుకున్నవా" అని రెండుసార్లు అడిగింది ఆ "నువ్వు" అనే హమాలీ అన్నే.

సమస్య: "పర్సో ఇచ్చిండు" అంటే మొన్నటి తేదీ వేశాను, లెక్క కలవడం లేదు

కారణం: హైదరాబాదీ నోట "పర్సో" అంటే మొన్నే కానక్కర్లేదు. పోయిన నెల కావచ్చు, పోయినేడాదీ కావచ్చు.

పరిష్కారం: బిల్టీ (లారీవాళ్లు ఇచ్చే సరుకు రసీదు) తీసి తేదీ చూడండి.

సమస్య: మాట మీద లక్షల సరుకు ఉద్దెర ఇస్తున్నారు, షాపు మునిగేలా ఉంది

నేను పెద్ద తప్పు చేసింది ఇక్కడే. మూడో నెలలో టాలీలో రావాల్సిన బాకీల లిస్టు తీసి, పాత బాకీలవాళ్లకి ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. జనగామ వైపు పాత్రల షాపాయనది 90 రోజులు దాటింది. "ఈ వారంలో కట్టకపోతే సరుకు ఆపేస్తాం సార్" అన్నాను. అటు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "సేట్ చెప్పమన్నడా?" అని అడిగాడు.

సాయంత్రం సేట్ గల్లా మూసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ జనగామ షాపాయన తన బిడ్డ పెళ్లి చేశాడని, దీపావళి లోపు ఇస్తానని షాపుకొచ్చి చెప్పి వెళ్లాడని చెప్పి, ఆయనకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. క్షమించమని అడిగాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే వినపడలేదు.

కారణం: బిల్లు ఉంటుంది, సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లూ (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉంటుంది. మాట మీద నడిచేది గడువు ఒక్కటే. పంట డబ్బు చేతికొస్తే, పెళ్లిళ్లు పడితే ఊళ్లలో షాపులు నడుస్తాయి. గిరాకీని ఎవరు తీసుకొచ్చారు, కష్టకాలంలో ఎలా కట్టాడు అన్నది సేట్‌కి తెలుసు. టాలీకి తెలియదు.

పరిష్కారం: వారానికోసారి బాకీల లిస్టు ప్రింట్ తీసి సేట్ ముందు కూర్చోండి. ఒక్కో పేరు పక్కన ఆయన చెప్పింది రాసుకోండి. ఆయన చెయ్యమన్నవాళ్లకే ఫోన్ చెయ్యండి. బిల్లు తేదీ నుంచి 180 రోజులు దగ్గరపడితే మాత్రం గిరాకీకి గుర్తు చెయ్యండి: ఆలోపు డబ్బు కట్టకపోతే ఆయన వాడుకున్న జీఎస్‌టీ క్రెడిట్ (కొన్నప్పటి పన్నును తన పన్నులో తగ్గించుకున్నది) వెనక్కి కట్టాల్సి వస్తుంది. అది ఆయన మేలు కోరి చెప్పే మాట, కోపం రాదు.

సమస్య: జీఎస్‌టీ తేదీలంటే ఇక్కడ ఎవరికీ పట్టదు

ఇందులో మీరు సర్దుకోకండి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి తర్వాతి నెల 11వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల బిల్లుల వివరాలు), 20 లోపు 3బి (పన్ను కట్టే రిటర్న్) పడాల్సిందే. చెప్పే తీరు మార్చండి. "ఫైన్ పడుతుంది" అని నేను చెప్పినన్నాళ్లూ ఎవరూ తల ఎత్తలేదు. "మన బిల్లు ఎక్కకపోతే గిరాకీకి క్రెడిట్ కనపడదు, రేపు వేరే షాపుకి పోతాడు" అన్న రోజు బిల్లులన్నీ నా టేబుల్ మీదికి వచ్చాయి.

సమస్య: మార్చి 31 చాలా దూరం ఉండగానే ఖాతాలు తేల్చమంటున్నారు

మార్వాడీ, గుజరాతీ వ్యాపారులు దీపావళికి పూజ చేసి కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. దసరా లోపే అందరి బ్యాలెన్సులూ పంపేయండి.

సమస్య: సేట్ నన్ను నమ్మడం లేదు, కొన్న ధర చెప్పడు

డబ్బా మీద చీటీలో అంకెల బదులు అక్షరాలుంటాయి. పది వేర్వేరు అక్షరాలున్న ఒక మాట పెట్టుకుని, ఒక్కో అక్షరాన్ని ఒక్కో అంకెగా వాడతారు. గిరాకీ ఎదురుగా నిలబడి చీటీ చూసినా కొన్న ధర తెలియకూడదు కదా. ఆ మాట బయటికి పోతే షాపులో ప్రతి డబ్బా చీటీ మార్చాలి. కొత్తవాళ్లకి చెప్పకపోవడం ఆ భయంతోనే.

పరిష్కారం: అడగకండి. గిరాకీ ముందు ధర గట్టిగా అరవకండి, బేరం మధ్యలో దూరకండి. గల్లా డబ్బు రోజూ ఎవరైనా చూస్తుండగానే లెక్కపెట్టండి. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఒక రాత్రి షట్టర్ సగం దించాక సేట్ దగ్గరికి పిలిచి ఆ మాట చెప్పాడు. నేను పెన్ను తీస్తే, చెయ్యి పట్టుకుని ఆపాడు.