రెండు కంప్యూటర్లు, ఒకే రాతప్రతి – 5వ పాఠం: సర్వర్ వద్దన్నప్పుడు

గిట్ అంటే ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రామ్. ఈసారి అందులో కొమ్మలు (బ్రాంచ్‌లు, అంటే ఒకే రాతకు పక్కదారులు) వేయడం నేర్పాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చేసి చూసినవాళ్లలో చాలామంది ఒకే గుంటలో పడ్డారు. ముందు వాళ్లను పైకి తీయాలి.

జరిగింది ఇది. పొద్దున ప్రొద్దుటూరులో కాలేజీ కంప్యూటర్ నుంచి మార్పులు సర్వర్‌కు పంపారు (పుష్ అంటే ఇదే). రాత్రి కడపలో ఇంటికి చేరి, పుల్ చేయడం (సర్వర్‌లోని మార్పులను తెచ్చుకోవడం) మరిచి, అదే ఫైలులో రాసి కమిట్ చేశారు (ఆ మార్పును గిట్ చరిత్రలో నమోదు చేశారు). పుష్ చేయబోతే సర్వర్ ‘రిజెక్టెడ్’ అంది. అక్కడున్న పొద్దుటి కమిట్ మీ ఇంటి కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి అది ఒప్పుకోలేదు. అప్పుడు ఎవరో ‘గిట్ పుష్ --ఫోర్స్’ కొట్టమన్నారు, మీరు కొట్టారు. సర్వర్‌లో పొద్దుటి పని కనబడకుండా పోయింది.

ఆ ఫోర్స్‌ను నేను గత పాఠాల్లో ఒక్కసారి కూడా రాయలేదు. ఒంటరిగా రెండు కంప్యూటర్ల మీద రాసుకునేవాళ్లకు దాని అవసరం దాదాపు రాదు. సర్వర్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతోంది: ఈ రెండు రాతల్లో ఏది ఉండాలి? జవాబు చెప్పగలిగినవారు మీరొక్కరే. ఫోర్స్ కొడితే ఆ ప్రశ్న చదవకుండానే ఒక రాతను పక్కకు నెట్టేసినట్టు.

పోయిన పని ఇంకా ఉంది, కంగారు వద్దు. 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం గిట్‌ను రాసినప్పుడే, ప్రతి నకలులోనూ చరిత్ర మొత్తం ఉండేలా కట్టారు. పొద్దుటి కమిట్ కాలేజీ కంప్యూటర్‌లో భద్రంగా ఉంది. అక్కడికి వెళ్లండి. వెళ్లగానే పుల్ మాత్రం చేయకండి.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పుల్‌ను రీబేస్ పద్ధతిలో (మీ కమిట్‌లను సర్వర్ కమిట్‌ల తర్వాత మళ్లీ పేర్చే తీరు) పెట్టుకోమని నేనే మూడో పాఠంలో చెప్పాను. మామూలు రోజుల్లో చరిత్ర ఒకే వరుసలో ఉంటుందని నాకు ఆ పద్ధతి ఇష్టం. కానీ ఫోర్స్ తర్వాత అదే ముంచుతుంది. కాలేజీ కంప్యూటర్ తన పాత గుర్తులు చూసుకుంటుంది: ‘ఈ కమిట్ ఒకప్పుడు సర్వర్‌లో ఉండేది, ఇప్పుడు లేదు, కావాలనే తీసేసి ఉంటారు’ అని అనుకుంటుంది. ఆపైన దాన్ని పక్కనపెట్టి, సర్వర్‌లో ఉన్నదాన్నే మీ ముందు ఉంచుతుంది. ఇంట్లో పోగొట్టుకున్నది ఇక్కడా కనబడదు. పొరపాటు జరిగిందన్న సందేశం ఒక్కటీ రాదు.

కాబట్టి కాలేజీలో వరుసగా రెండే ఆదేశాలు: మొదట ‘గిట్ ఫెచ్’, తర్వాత ‘గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్’ (ఆరిజిన్/మెయిన్ అంటే సర్వర్‌లోని ప్రధాన కొమ్మ). ఎప్పటిలాగే టైపు చేయడం ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఫెచ్ తెచ్చి పక్కన పెడుతుంది, మీ ఫైళ్లను ముట్టుకోదు. మెర్జ్ రెండు దారులనూ కలుపుతుంది. ఆ తర్వాత పుష్ చేస్తే సర్వర్ మాట్లాడకుండా తీసుకుంటుంది. ఇప్పటికే పుల్ చేసేసినవాళ్లు ‘గిట్ రిఫ్లాగ్’ కొట్టండి. మీరు ఏయే కమిట్ మీద ఉన్నారో ఈ కంప్యూటర్‌లో గిట్ రాసుకునే చిట్టా అది. పాత కమిట్ సంఖ్య అందులో దొరుకుతుంది. ‘గిట్ బ్రాంచ్ రక్షణ’ అని రాసి పక్కన ఆ సంఖ్య ఇస్తే దానికి ఒక పేరు వచ్చి నిలబడుతుంది. ఏ కొమ్మ నుంచీ అందని కమిట్‌ల జాడ రిఫ్లాగ్‌లో మామూలుగా 30 రోజులే ఉంటుంది, ఆలస్యం చేయకండి.

మెర్జ్ మధ్యలో ఘర్షణ వస్తే ఏం చేయాలి? రేనాటి చోళుల నాటి కలమళ్ళ శాసనం మీద వ్యాసం రాస్తున్నారనుకోండి. కాలేజీలో ‘ఈ శాసనం ఆరో శతాబ్దానిది’ అన్నారు. ఇంట్లో అదే వాక్యాన్ని ‘ఈ శాసనం క్రీ.శ. 575 నాటిది’ అని మార్చారు. గిట్ రెండింటినీ ఫైలులోనే ఒకదాని కింద ఒకటి ఉంచి, పైన ఏడు ‘తక్కువ’ గుర్తులు, మధ్యలో ఏడు ‘సమానం’ గుర్తులు, కింద ఏడు ‘ఎక్కువ’ గుర్తులు పెడుతుంది. మెర్జ్‌లో పై భాగం మీరు కూర్చున్న కంప్యూటర్‌ది, కింది భాగం సర్వర్ నుంచి వచ్చింది. రీబేస్‌లో ఇది తలకిందులు. నేనైతే ‘ఆరో శతాబ్దం, సుమారు క్రీ.శ. 575’ అని రాస్తాను. రేనాటి చోళుల కాలాన్ని ఒక్క ఏడాదికి బిగించడం నాకు ఇష్టం లేదు. గుర్తులన్నీ చెరిపేసి, ‘గిట్ యాడ్’, ‘గిట్ కమిట్’.

ఘర్షణలు మరీ ఎక్కువగా వస్తున్నాయంటే కారణం మన రాత అలవాటే. గిట్ పోల్చేది వరుసలను. పేరా మొత్తం ఎంటర్ కొట్టకుండా రాస్తే అది దానికి ఒకే వరుస. మొదటి వాక్యం ఇక్కడ, చివరి వాక్యం అక్కడ మార్చినా గొడవే. నేను వాక్యానికొక వరుస రాస్తాను. సాదా టెక్స్ట్ ఫైలులోనే ఇదంతా. వర్డ్ ఫైళ్లను గిట్ దాచగలదు గానీ ఇలా కలపలేదు.

తెలుగు ఫైలు పేర్లు 340, 260 అంటూ అంకెలుగా కనిపిస్తున్నాయని అడిగినవాళ్లకు: ‘గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్’. పేర్లు చెడిపోలేదు, తెరమీద చూపే తీరే అది.

అభ్యాసం. సర్వర్‌లో ఉత్తుత్తి రిపోజిటరీ (గిట్ చరిత్ర ఉండే చోటు) ఒకటి తెరిచి, దాన్ని రెండు ఫోల్డర్లలోకి క్లోన్ (నకలు) చేయండి. ఒకటి ‘ఇల్లు’, ఇంకొకటి ‘కాలేజీ’. ఒకే వాక్యాన్ని రెండు చోట్లా వేరుగా మార్చి ఘర్షణ తెప్పించి తీర్చండి. ఐదుసార్లు. ఆరోసారి ‘కాలేజీ’ నుంచి పుష్ చేశాక, పుల్ చేయకుండా ‘ఇల్లు’ నుంచి ఫోర్స్ కొట్టి, ‘కాలేజీ’లో రీబేస్ పద్ధతితోనే పుల్ చేసి మీ వాక్యం మాయమవడం కళ్లారా చూడండి. అప్పుడు ఈ పాఠం మూసి, రిఫ్లాగ్ నుంచి ఆ వాక్యాన్ని వెనక్కి తెండి.