వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ట్రాన్స్‌మిటర్‌లో ఏఎం (మాటని బట్టి రేడియో సిగ్నల్ బలం మారే పద్ధతి) చేసేవాళ్ళకి ఓ మాట

గ్రిడ్ మాడ్యులేషన్‌కి, అంటే ఆడియోని వాల్వ్ కంట్రోల్ గ్రిడ్‌కి ఇవ్వడానికి, ఆడియో పవర్ కొంచెమే చాలు కదా అని చాలామంది అటే వెళ్తారు, కానీ అందులో క్యారియర్ (మాట లేనప్పటి రేడియో సిగ్నల్) దగ్గర ఫైనల్ వాల్వ్ (యాంటెనాకి పవర్ ఇచ్చే చివరి వాల్వ్) ఎఫిషియెన్సీ 30-35 శాతం దగ్గరే ఆగిపోతుంది, మిగతాదంతా ప్లేట్ ఎర్రబడేలా వేడిగా పోతుంది. అదే క్లాస్ సి (ప్రతి సైకిల్‌లో సగం కంటే తక్కువసేపే కరెంట్ తీసుకునే) ఫైనల్‌కి ప్లేట్ మాడ్యులేషన్ పెడితే, అంటే ఆడియోని ప్లేట్ సప్లైకి కలిపితే, 70 శాతం పైనే వస్తుంది. ఖర్చల్లా ఆడియోకే, డీసీ ఇన్‌పుట్‌లో సగం కావాలి. 600 వోల్టులు, 100 మిల్లీ ఆంపులు అంటే ఇన్‌పుట్ 60 వాట్లు, నూరు శాతం మాడ్యులేషన్‌కి ఆడియో 30 వాట్లు, ఆడియోని ప్లేట్ సప్లైకి కలిపే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి కనపడే లోడ్ 6000 ఓమ్‌లు. ఈ మ్యాచింగ్ తప్పితే ఎంత మంచి వాల్వ్ పెట్టినా వృథానే.

మాడ్యులేటర్‌ని (ఆ ఆడియో పవర్ ఇచ్చే యాంప్లిఫయర్‌ని) క్లాస్ బి పుష్‌పుల్‌లో, అంటే రెండు వాల్వులు చెరో సగం సైకిల్ పనిచేసేలా, పెట్టండి, మాట్లాడనప్పుడు కరెంట్ బాగా తక్కువ తీసుకుంటుంది. ఫైనల్ టెట్రోడ్ (నాలుగు ఎలక్ట్రోడ్ల వాల్వ్) అయితే స్క్రీన్‌ని (రెండో గ్రిడ్‌ని) కూడా ప్లేట్‌తో పాటు మాడ్యులేట్ చెయ్యాలి, ఇది మర్చిపోయే చాలామంది ఇబ్బంది పడతారు.

ఇక ముఖ్యమైనది, మాట్లాడుతూ ఫైనల్ ప్లేట్ కరెంట్ మీటర్ చూడండి, ముల్లు కదలకుండా ఉండాలి, కిందికి పడుతోందంటే గ్రిడ్ డ్రైవ్ (ముందు స్టేజ్ నుంచి ఫైనల్ గ్రిడ్‌కి వచ్చే సిగ్నల్) చాలట్లేదనో సప్లై వోల్టేజ్ కుంగుతోందనో అనుకోవచ్చు. ఆడియోని 300 నుంచి 3000 హెర్ట్జ్‌కి కట్ చేస్తే ఉన్న వాట్లన్నీ మాటకే పోతాయి.

చెయ్యి పెట్టేముందు హైవోల్టేజ్ కెపాసిటర్లు డిశ్చార్జ్ చెయ్యండి, స్విచ్ ఆపినా వాటిలో చార్జ్ ఉండిపోతుంది.