లైవ్‌అబోర్డ్ పడవ మీద జంట సిలిండర్లు: సీమ నుంచి వెళ్లే డైవర్లకు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో సముద్రం లేదు కాబట్టి ఇక్కడి డైవర్లలో చాలామంది జంట సిలిండర్ల సెట్టును మొదటిసారి పట్టుకునేది పడవ ఎక్కాకే. ఆ పద్ధతి మంచిది కాదు. లైవ్‌అబోర్డ్ అంటే రోజుల తరబడి అందులోనే ఉండి డైవ్ చేసే పడవ. లైవ్‌అబోర్డ్‌లో రోజుకు మూడు నాలుగు డైవ్‌లుంటాయి. అక్కడ నేర్చుకునే తీరిక దొరకదు.

బుక్ చేసేటప్పుడే పడవవాళ్లను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చాలా పడవల్లో మామూలుగా ఉండేవి 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్లు, అవీ విడివిడిగా. ఒకే సైజు సిలిండర్లు రెండు, వాటిని బిగించే స్టీలు బ్యాండ్లు, రెండింటి గాలినీ కలిపే మ్యానిఫోల్డ్ గొట్టం, దాని మధ్యలో ఆ దారిని మూసే ఐసొలేటర్ వాల్వు సిద్ధంగా ఉంటాయా? వాల్వులు డిన్ 232 రకమా, 300 రకమా (గాలి అందించే రెగ్యులేటరును మరతో బిగించే వాల్వులివి, అంకెలు బార్లలో ఒత్తిడి)? 300 రెగ్యులేటరు రెండింటికీ పడుతుంది. 232 రెగ్యులేటరు మాత్రం 300 వాల్వులో బిగిసినట్టే కనిపించినా సీలు కాదు. సొంత మ్యానిఫోల్డ్ తీసుకెళ్లి అక్కడి సిలిండర్లకు బిగించుకుందామనుకోవద్దు. సిలిండరు మెడలోని ఎం25 మరకూ ముప్పావు అంగుళం మరకూ తేడా కంటికి ఆనదు. ఒకటి రెండోదానిలో కొంతదూరం ఎక్కుతుంది, గాలి నింపితే ఒత్తిడికి ఊడి ఎగిరిపోవచ్చు. జంట సెట్టు లేదంటే, శిక్షణ ఉన్నవాళ్లు రెండు విడి సిలిండర్లను చెరో పక్కన తగిలించుకుని సైడ్‌మౌంట్ చేయడమే మేలు.

జంట సిలిండర్లుంటే లోతులో ఎక్కువసేపు ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి. రెండు సిలిండర్లలో 200 బార్ దగ్గర సుమారు 4440 లీటర్ల గాలి ఉంటుంది. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల దగ్గర ఒత్తిడి నాలుగింతలు కాబట్టి 80 లీటర్లు పీలుస్తాడు. మూడో వంతు నియమం పాటిస్తే పోవడానికి 1480 లీటర్లు, అంటే 18 నిమిషాలు. తిరిగి రావడానికి అంతే, మిగతాది ఆపదకు. మామూలు గాలితో 30 మీటర్ల దగ్గర డీకంప్రెషన్ (డీకో, అంటే పైకి వస్తూ మధ్యలో ఆగి ఒంట్లోని నైట్రోజన్‌ను వదిలించుకోవడం) అవసరం పడని సమయం మొదటి డైవ్‌లోనే దాదాపు 20 నిమిషాలు, తర్వాతి డైవ్‌లకు ఇంకా తగ్గుతుంది. గాలి మిగిలింది కదా అని ఉండిపోతే డైవ్ కంప్యూటరు డీకో చూపిస్తుంది. మాల్దీవుల్లోనైతే నిబంధనల ప్రకారమే లోతు 30 మీటర్లు దాటకూడదు, డీకో డైవ్‌లు చేయకూడదు. అక్కడ రెండో సిలిండరు ప్రవాహం బలంగా ఉన్నప్పుడు, జతగాడి గాలి అయిపోయినప్పుడు పనికొచ్చే నిల్వ మాత్రమే.

హోసుల అమరిక: కుడి వాల్వుకు 2.1 మీటర్ల పొడవు హోసుతో మీరు పీల్చే రెగ్యులేటరు, వింగ్ (తేలడానికి వీపున ఉండే గాలి సంచి) ఇన్‌ఫ్లేటరు. ఎడమ వాల్వుకు మెడలో వేలాడే బ్యాకప్ రెగ్యులేటరు, ప్రెషర్ గేజి. జతగాడికి గాలి కావలసి వస్తే నోట్లో ఉన్న పొడవు హోసు ఇచ్చి మీరు బ్యాకప్ తీసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మధ్యనున్న ఐసొలేటర్ మీద. పడవలో మీ సిలిండర్లు మీరు కూర్చునే చోటే ఉంటాయి. సిబ్బంది డైవ్‌కూ డైవ్‌కూ మధ్య కంప్రెసర్ గొట్టం తెచ్చి నింపేస్తారు. ఆ సమయంలో మీరు భోజనంలోనో నిద్రలోనో ఉంటారు. ఐసొలేటర్ మూసి ఉండగా ఎడమ వైపు నుంచి నింపారనుకోండి. ఎడమది 200 బార్, కుడిది పాత 80 బార్ దగ్గరే ఉంటుంది. గేజి ఎడమ వైపుది కాబట్టి 200 చూపిస్తుంది. మీరు పీల్చేది కుడిదాన్ని. 30 మీటర్ల దగ్గర ఆ 80 బార్ 11 నిమిషాలకు మించి రాదు. గేజి ముల్లు మాత్రం కదలదు. నీళ్లలో అయిదు నిమిషాలైనా ముల్లు దిగకపోతే సంతోషపడకండి, వెంటనే ఐసొలేటర్ చూడండి. ఈలోపే గాలి ఆగితే బ్యాకప్ నోట్లో పెట్టుకుని ఐసొలేటర్ తెరిచి, డైవ్ ముగించండి.

అందుకే ప్రతి డైవ్ ముందు మూడు నాబులూ మీ చేత్తోనే పూర్తిగా తెరవండి. ఐసొలేటర్ తెరుస్తుంటే బుస్సుమని శబ్దం వస్తే రెండు వైపులా ఒత్తిడి తేడా ఉన్నట్టే. నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) అయితే ఆక్సిజన్ శాతం రెండు వాల్వుల దగ్గరా కొలవండి. 32 శాతానికి ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.4 బార్ లెక్కన లోతు హద్దు 33 మీటర్లు, అది ఏ వైపు శాతం ఎక్కువైనా మారిపోతుంది. ఇంకో సంగతి, నింపినప్పుడు వేడెక్కిన గాలి చల్లారాక బార్లు పడిపోతాయి. గేజిని దిగే ముందు మళ్లీ చూడండి.

వాల్వు డ్రిల్ (వాల్వులను మూసి తెరిచే అభ్యాసం) ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. భుజం మీదుగా చెయ్యి నాబుకు అందకపోతే పట్టీలు బిగుతుగా ఉన్నాయనో, సిలిండర్లు కిందికి దిగాయనో అర్థం. నీళ్లలో క్రమం ఇది. కుడిది మూయండి, శ్వాస బిగుసుకోగానే బ్యాకప్‌కు మారండి, కుడిది తెరిచి మళ్లీ పొడవు హోసుకు రండి. తర్వాత ఐసొలేటర్ మూసి తెరవండి. తర్వాత ఎడమది మూసి, బ్యాకప్‌లో గాలి ఆగిందో లేదో చూసి తెరవండి. చివర మూడూ తెరిచి ఉన్నాయని మరోసారి తడిమి చూడాలి. ఓడ శిథిలాల కింద దూరేటప్పుడు పైకప్పుకు రాసుకుని ఎడమ నాబు దానంతటదే మూసుకుపోవచ్చు. దూరి వచ్చిన ప్రతిసారీ దాన్ని చూడండి.

ఈ అభ్యాసానికి ఊళ్లోని ఈతకొలను చాలు. పొలాల్లోని దిగుడు బావులు, గండికోట, శ్రీశైలం జలాశయాలు వద్దు. బురద లేచిందంటే చెయ్యి కనపడదు, నీళ్లు లాగే తూముల దగ్గర ప్రాణం పోతుంది. కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో సరిపోదు. మనిషీ సామానూ కలిపి 125 కిలోలైతే ఉప్పునీటిలో సుమారు 3 కిలోలు అదనంగా కావాలి. ఖాళీ అవుతున్న కొద్దీ అల్యూమినియం సిలిండర్లు తేలతాయి, మొత్తం 5 కిలోలకు పైగా తేడా వస్తుంది. 50 బార్ మిగిలి, వింగ్ ఖాళీగా ఉన్నప్పుడు 5 మీటర్ల దగ్గర నిలవగలగాలి. బరువును అలాగే సరిచూసుకోండి.

నింపిన సెట్టు 40 కిలోలు దాటుతుంది. కూర్చునే తగిలించుకోవాలి, బెంచీకి తాడు కట్టకుండా వదలకూడదు. మ్యానిఫోల్డ్ అడ్డకమ్మీ పట్టుకుని ఎత్తొద్దని సిబ్బందికి మొదటి రోజే చెప్పండి. అక్కడి ఓ-రింగులు కదిలితే గాలి కారుతుంది. చిన్న బోటులోకి ఎక్కేటప్పుడు వింగ్ నింపి, సెట్టును తాడుకు తగిలించాకే కాళ్ల మధ్య పట్టీ విప్పండి.

చివరి డైవ్ తర్వాత విమానానికి కనీసం 18 గంటలు ఆగాలి. డీకో చేసుంటే ఇంకా ఎక్కువ. చెన్నైలో అభ్యాస డైవ్‌లు చేసి కారులో వచ్చేవాళ్లకూ ఇది వర్తిస్తుంది, ఎత్తుకు ఎక్కితే విమానంలోలాగే గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. రేణిగుంట, రాజంపేట మీదుగా కడప చేరే దారి పల్లమే. మదనపల్లె మీదుగా అనంతపురం వెళ్లే దారి మాత్రం దాదాపు 700 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఆ దారిన వెళ్లేవాళ్లు రాత్రి చెన్నైలోనే పడుకుని మర్నాడు బయల్దేరండి.