పిల్లి పాలు ఇవ్వట్లేదా? ముందు దాని భయం పోగొట్టండి

తల్లి లేని పిల్లికూనలకు ఏ పాలు పట్టాలో తేల్చాలంటే, తల్లిపిల్లి పాలలో ఏమున్నాయో ముందు తెలియాలి. పరీక్షకు ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలు, టీ చెంచాలో సగం కూడా కాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇంటివాళ్ల అంగీకారం తీసుకుని ప్రొద్దుటూరు ఇళ్లలో ఈ పని చేస్తున్నప్పుడు మాకు ఎదురైన చిక్కులివి.

సమస్య: చన్నులు నిండుగా ఉన్నాయి, పిండితే చుక్క రాదు.

పాలు లేక కాదు, చేపక. దూడ మూతి పెడితేనే ఆవు చేపుతుందని మన రైతులందరికీ తెలుసు. పిల్లీ అంతే. కూనలు చీకితే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయి, పిల్లి భయపడితే అడ్రినలిన్ అనే ఇంకో హార్మోన్ దాన్ని అడ్డుకుంటుంది. ఒకింట్లో అరగంట తంటాలు పడ్డాక అక్కడి జేజి, "రోంత పక్కకు పో నాయనా, నిన్ను చూసే అది బిగబట్టుకునింది" అంది. ఆమె చెప్పిందే నిజం.

అప్పటినుంచి పిల్లిని ఎక్కడికీ తీసుకెళ్లడం లేదు. అది రోజూ పడుకునే గుడ్డ మీదే, ఇంటావిడ ఒళ్లోనే పని. కూనల్ని రెండు గంటలు పక్క గదిలో వెచ్చగా ఉంచుతాం. గోరువెచ్చటి తడిగుడ్డతో చన్నులు తుడిచి, ఒక కూనను తాగనిస్తాం. అది చీకుతుండగానే పక్క చన్ను మొదట్లో బొటనవేలు, చూపుడువేలు ఆనించి మెల్లగా నొక్కాలి, లాగకూడదు. ముందు సూదిమొనంత తెల్లటి చుక్క మెరుస్తుంది. దాన్ని తుడిచేసి, తర్వాత వచ్చేది పట్టాలి. అప్పటికీ రాకపోతే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ సంగతి పశువైద్యుడే చూడాలి. గేదెలకు వేసినట్టు అలవాటుగా పొడిచేయడం తప్పు.

సమస్య: ఒకే పిల్లి పాలలో కొవ్వు ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.

మొదటి పాలు పలచన, చివరి పాలు చిక్కన. పైగా కొవ్వు తేలి ట్యూబుకు అంటుకుంటుంది. ప్రతిసారీ అదే చన్ను వీలైనంత ఖాళీ చేయండి. పరీక్షకు ముందు నలభై డిగ్రీలకు వెచ్చచేసి, ట్యూబును నెమ్మదిగా తలకిందులు చేస్తూ కలపండి. ఈనిన ఎన్నో రోజో రాయడం మరవద్దు.

సమస్య: ల్యాబ్‌కు చేరేసరికి పాలు విరిగాయి.

మే నెల ఎండలో ఇంకేమవుతుంది? పిండిన వెంటనే ఐస్ పెట్టెలో పెట్టాలి. చిన్న చిన్న ట్యూబుల్లో పంచితే పదే పదే కరిగించి గడ్డకట్టించే పని ఉండదు.

సమస్య: ఒక చన్ను వేడిగా, గట్టిగా, ఎర్రగా ఉంది.

పొదుగువాపు కావచ్చు. శాంపిల్ ఆపి వైద్యం చేయించండి. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది, చూపించడం కష్టం కాదు.

సమస్య: కూనలు బరువు పెరగడం లేదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ ఇదే. పుట్టినప్పుడు సుమారు వంద గ్రాములుండే కూన రోజుకు పది, పదిహేను గ్రాములు పెరగాలి. ముర్రుపాలలోని రోగనిరోధక శక్తి మొదటి రోజులోనే పేగుల్లోంచి ఒంటికి పడుతుంది, అందుకే ఆ పాల జోలికి అసలు వెళ్లం. ఆవుపాలతో లోటు తీర్చలేం. పిల్లిపాలలో ప్రోటీన్ దానికి సుమారు రెట్టింపు. కాబట్టి రోజూ పొద్దున వంటింటి డిజిటల్ కాటా మీద ప్రతి కూననూ తూస్తాం. ఒక్కటి నిన్నటి బరువు దగ్గరే ఆగినా, ఆ రోజు ఆ ఇంటి నుంచి ఖాళీ ట్యూబులతోనే వచ్చేస్తాం.