పెరియమేట్ తోలుతో ఆరన్ దీవుల పాంపూటీ

ఐర్లండ్ పడమటి తీరాన ఆరన్ దీవులు మూడున్నాయి. నేలంతా సున్నపురాయి పలకలే. అక్కడి జాలర్లు ఒకప్పుడు పచ్చి ఆవుతోలును, బొచ్చు బయటికి ఉండేలా పాదానికి చుట్టి, చేపలు పట్టే తాడుతో కట్టుకునేవాళ్ళు. అదే పాంపూటీ. మేకు లేదు, మడమ లేదు. తారు పూసిన గుడ్డతో చేసిన వాళ్ళ పల్చటి పడవలో ఆ జోడుతో దిగినా గుడ్డకు చిరుగు పడదు. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఇంత తెలివైన జోడు నేను ఇంకొకటి చూడలేదు.

వాళ్ళు రాత్రిపూట దాన్ని నీళ్ళలో ఉంచేవాళ్ళు, ఎండితే పచ్చితోలు చెక్కలా బిగుసుకుంటుంది కాబట్టి. ఇలాంటిది మనం ఇంట్లో కుట్టుకోవాలంటే పచ్చితోలు పనికిరాదు, చెన్నై ఉక్కలో అలా చేస్తే కుళ్ళిపోతుంది. అందుకే చెన్నైలో తోలు అంగళ్ళుండే పెరియమేట్ వెళ్ళి చెట్టు బెరడుతో పదును చేసిన ఆవుతోలు అడగండి. మన వైపు తంగేడు చెక్కతో చేసేవాళ్ళే, ఆ రకం. రెండు మిల్లీమీటర్ల మందం చాలు. రంగు వేయనిది తీసుకోండి, వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే వద్దు.

కొలత సాయంత్రం తీయండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. సాక్సు వేసుకుని కాగితం మీద నిలబడి గీయండి, కూర్చుని గీస్తే బిగుతవుతుంది. గీతకు పక్కల మూడు వేళ్ళు, ముందూ వెనకా నాలుగు వేళ్ళు వదిలి, కాగితం కోసి పాదానికి చుట్టి చూశాకే తోలు మీద రంపి, అంటే తోలు కోసే కత్తి, పెట్టండి. రెండు కాళ్ళూ విడివిడిగా కొలవాలి, ఒకలా ఉండవు.

అంచుకు సెంటీమీటరు లోపల ఆరెతో, అంటే తోలును పొడిచే మొనతో, బెజ్జాలు వేయండి. కాలివేళ్ళ దగ్గర తోలును పైకి మడిచి, మైనం పట్టించిన దారం లాగి కుచ్చులా ముడవాలి. మడమ వెనక అంచులు కలిపి కుట్టాలి. మిగతా దారం పాదం మీదుగా అడ్డంగా కట్టుకోవడానికి.

ఇప్పుడు నీళ్ళలో ముంచండి. బుడగలు ఆగగానే తీసి, సాక్సు మీద తొడుక్కుని, దారం బిగించి, ఇంట్లోనే కాసేపు నడవండి. పాదమే అచ్చు. దీన్ని తొందరపెట్టొద్దని మా అమ్మ చెప్పేది. తర్వాత కాగితం కూరి నీడలో ఆరనివ్వండి, ఎండలో పెడితే పగులుతుంది. ఆరాక ఆముదం పల్చగా రాయండి.

తెల్లవారుజామున బెసంట్ నగర్ బీచ్ ఇసుకలో వేసుకోండి. మధ్యాహ్నం తారు రోడ్డు మీద మాత్రం వద్దు, వేడి నేరుగా తగులుతుంది. అడుగు పల్చబడితే లోపల ఇంకో తోలు పొర వేసి చుట్టూ కుట్టేయండి.